జవాబు కింద వెళ్లే పాత మెయిల్

చిరంజీవి పాపకు,
తిరుపతి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

చిత్తూరు మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ మెయిల్స్ ఇకనుంచి నువ్వే చూస్తావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఒక్క విషయం మాత్రం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకో. రిప్లై కొట్టగానే పాత మెయిలంతా నీ జవాబు కింద చేరుతుంది. పంపే ముందు దాన్ని చదివి, అక్కర్లేనిది తీసెయ్యాలి.

జీమెయిల్ దాన్ని మూడు చుక్కల వెనక దాస్తుంది. కనపడలేదు కాబట్టి వెళ్లదనుకుంటారు చాలామంది. మొత్తం వెళ్తుంది తల్లీ. తోతాపురి పల్ప్ రేటు ఎంతదాకా తగ్గించొచ్చో మీ మేనేజరు నీకు రాశాడనుకో. అదే మెయిల్‌కు రిప్లై కొట్టి, కొనేవాళ్ల అడ్రసు చేర్చి పంపితే, వాళ్లు ఆ చుక్కలు నొక్కి మీ లోపలి లెక్కంతా చదువుతారు. ఇక బేరం ఏం చేస్తావు? అందుకే ఆ చుక్కలు ముందు నువ్వు నొక్కి చూడు. బయటివాళ్లకైతే కొత్త మెయిల్ మొదలుపెట్టడమే మంచిది.

కొనేవాళ్లు బ్రిక్స్ (పల్ప్‌లో తీపి కొలత) ఎంత, డ్రమ్ము బరువెంత, ఓడ ఎప్పుడు అని మూడూ ఒకే మెయిల్‌లో అడుగుతారు. పైన "ఓకే, కన్ఫర్మ్" అని రాస్తే దేనికి ఓకే అన్నట్టు? ఒక్కో ప్రశ్న ఉంచి, దాని కిందే జవాబు రాయి. మిగతాది కొట్టెయ్. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో అయితే కావలసిన వాక్యాన్ని సెలెక్ట్ చేసి రిప్లై నొక్కితే అదొక్కటే వస్తుంది.

ఎవరి మాట ఏదో తెలిపే గుర్తులు ఒక్కో ప్రోగ్రాంలో ఒక్కోలా ఉంటాయి. మామూలు టెక్స్ట్ మెయిల్‌లో ప్రతి లైను ముందు > గుర్తు వస్తుంది, జవాబుకు జవాబు పెరిగేకొద్దీ ఆ గుర్తులూ పెరుగుతాయి. జీమెయిల్ పక్కన నిలువు గీత గీస్తుంది. ఔట్‌లుక్ మామూలుగా పంపినవాళ్ల పేరు, తేదీ, సబ్జెక్ట్ పైన పెట్టి వదిలేస్తుంది. అందులో మధ్యలో రాస్తే నీ మాట వాళ్ల మాటలో కలిసిపోతుంది. నీ జవాబు ముందు నీ పేరు రాసుకో.

వాళ్ల మాటల్ని కత్తిరించు, కానీ ఒక్క అక్షరం కూడా మార్చొద్దు. స్పెల్లింగు తప్పున్నా సరే. రేపు తగాదా వస్తే వాళ్లు అన్నదీ నువ్వు చూపించిందీ ఒకటిగా ఉండాలి.

ఇంకోటి, రిప్లైలో పాత అటాచ్‌మెంట్లు మామూలుగా వెళ్లవు. ల్యాబ్ రిపోర్టు మళ్లీ అడిగితే నువ్వే జతచెయ్యి.

ఇట్లు,
పెదనాన్న