అల్ట్రాసౌండ్‌ల గడ్డ కనపడ్డంక మళ్ళ కాంట్రాస్ట్ ఎంఆర్ఐ ఎందుకంటే

అన్నా, మీ బాపుకు మూత్రసంచిల గడ్డ ఉందని అల్ట్రాసౌండ్‌లనే తేలింది, ఇంక ఎంఆర్ఐ ఎందుకు, దాంట్ల ఎక్కించే కాంట్రాస్ట్ సూదిమందు కిడ్నీలను ఖరాబు చేస్తదా అని అడిగినవ్. పోయినేడు హన్మకొండల డాక్టరు ముందట కూసొని నేనూ ఇదే అడిగిన. మా బాపుది నలభై ఏండ్ల బీడీ అలవాటు. నొప్పి లేదు గిప్పి లేదు, ఒకనాడు మూత్రం ఎర్రగొచ్చింది.

గడ్డ ఉన్నదా లేదా అన్నది కాదు, సంచి కండల దాకా దిగిందా అన్నదే అసలు సంగతి. దిగకుంటే మూత్రనాళం నుంచి పోయి గీకి తీస్తరు. దిగితే సంచే తీసెయ్యాల్సి రావచ్చు. కాంట్రాస్ట్ మందు ఎక్కంగనే గడ్డ తెల్లగ మెరుస్తది, కండ మాత్రం కొద్దిసేపు నల్లగీత లెక్కనే ఉంటది. ఆ గీత ఎక్కడన్న తెగిందా అని చూసి 1 నుంచి 5 దాకా విరాడ్స్ నంబరు వేస్తరు. 1, 2 అయితే కండకు తగలనట్టు, 4, 5 అయితే తగిలినట్టే అనుమానం. 3 అంటే ఎటూ తేలనట్టు. మాకు 2 వచ్చింది. అయినా ఖాయం చేసేది బయాప్సీనే.

సూది సంగతికొస్తే, అది సీటీల వాడే అయోడిన్ మందు కాదు, గాడోలినియం. ముందు రక్తంల క్రియాటినిన్ చూస్తరు, కిడ్నీలు ఎట్ల పనిచేస్తున్నయో దాంతోని తెలుస్తది. ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే లెక్క, 30 కంటే తక్కువుంటే డాక్టరుతోని గట్టిగ మాట్లాడున్రి. మా బాపుకు చెయ్యి జర సల్లగైంది, అంతే.

స్కాన్ మాత్రం ఆపరేషన్‌కు ముందే చేయించున్రి. గీకినంక వాపు ఉంటది, అదీ గడ్డ లెక్కనే కనపడుతది. అప్పుడు కనీసం రెండు వారాలు ఆగాల్సొస్తది.

మేం చేసిన తప్పు చెప్త. లోపలికి పోయేముందు బాపు బాత్రూంకు పోయొచ్చిండు. సంచి ముడుసుకపోతే గోడ మందంగ కనపడుతదని బయటికి పంపిన్రు. నీళ్ళు తాగి గంట కూసున్నం. అట్లని మరీ నిండినా కష్టమే, అరగంట పైన కదలకుండ పండాలె గద.

ఇంకో లొల్లి మొల్దారం దగ్గర. దానికి వెండి తాయెత్తు ఉంటే తీయమన్నరు. "నేనింక బతికే ఉన్న గదరా" అని బాపు మొండికేసిండు. కత్తిరించకుండ ముడి విప్పి నా జేబుల పెట్టుకున్న. బయటికి రాంగనే రిపోర్టు అడగలే, మొల్దారం ఏదిరా అన్నడు.