టాకోనా, ఎన్‌కోడరా? ముందు ఫీల్డ్ కరెంటు చూడండి

ప్రశ్న: గాజులమండ్యంలో చిన్న షెడ్డు పెట్టుకుని డ్రిప్ పైపులు తీస్తున్నాం. పైపును లాగే హాలాఫ్‌కి 2 హెచ్‌పీ డీసీ మోటారు, 220 వోల్టుల ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం), దాని స్పీడు నడిపే పాత అనలాగ్ డ్రైవ్. ఆర్మేచర్ వోల్టేజీని బట్టే స్పీడు పట్టుకుంటుంది. పొద్దున సెట్ చేసిన పైపు మధ్యాహ్నానికి పలచబడుతోంది, పొట్ (స్పీడు సెట్ చేసే నాబ్) తగ్గిస్తే సరిపోతోంది, మర్నాడు మళ్లీ అదే కథ. ఎన్‌కోడర్ (షాఫ్ట్ తిరిగేకొద్దీ పల్సులు ఇచ్చే సెన్సార్) పెట్టించమని ఒకరు, టాకో (షాఫ్ట్ స్పీడుకి తగ్గ వోల్టేజీ ఇచ్చే చిన్న జనరేటరు) చాలని ఇంకొకరు. ఏది పెట్టాలి?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: ఏదైనా కొనేముందు పొట్ ముట్టుకోకుండా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేతి టాకోమీటరుతో హాలాఫ్ మోటారు స్పీడు చూడండి. రెండూ ఒకటే అయితే ఆ మోటారుకి ఏం పెట్టినా డబ్బు దండగ, అసలు తేడా ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్ కరిగించి పైపుగా తోసే మెషిన్) వైపు ఉంది, స్క్రూ స్పీడో, హాపర్‌లో మెటీరియల్ దిగడమో చూసుకోవాలి. మధ్యాహ్నం స్పీడు పెరిగి ఉంటే మాత్రం నా అనుమానం ఫీల్డ్ మీదే, అంటే మోటారులో అయస్కాంతాన్ని పుట్టించే కదలని తీగచుట్ట మీద.

ఎందుకంటే పాత డ్రైవ్‌లలో ఎక్కువ వాటికి ఫీల్డ్ సప్లై అంటే ఏసీని డీసీ చేసే మామూలు డయోడ్ బ్రిడ్జే. 230 వోల్టులు ఇస్తే 207 దాకా డీసీ వస్తుంది, అంతే, కరెంటుని పట్టుకునేవాడు ఎవడూ లేడు. రాగి తీగ 50 డిగ్రీలు వేడెక్కితే దాని రెసిస్టెన్స్ దాదాపు 20 శాతం పెరుగుతుంది. పొద్దున 1.2 ఆంపియర్లు లాగిన ఫీల్డ్ మధ్యాహ్నానికి 1 ఆంపియర్‌కి దిగుతుంది. ఫీల్డ్ తగ్గితే డీసీ మోటారు స్పీడు పెరుగుతుంది (అంత శాతమూ పెరగదు లెండి, ఐరన్ శాచురేషన్, అంటే ఇనుములో అయస్కాంతం దాదాపు నిండిపోయి ఉండటం, కొంత కాపాడుతుంది), డ్రైవ్ మాత్రం ఆర్మేచర్ వోల్టేజీ సరిగ్గానే ఉంది కదా అని నిమ్మళంగా కూర్చుంటుంది. హాలాఫ్ వేగంగా లాగితే పైపు పలచబడక ఏమవుతుంది! మే నెల రేణిగుంట ఎండలో రేకుల షెడ్డు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. డీసీ చూపించే క్లాంప్ మీటరు ఫీల్డ్ వైరుకి తగిలించి రెండు పూటలా రీడింగ్ రాసుకోండి, అనుమానం తీరిపోతుంది. మీటరు చిన్న కరెంటు సరిగ్గా చూపించకపోతే వైరు నాలుగు చుట్లు వేసి, వచ్చిన అంకెను నాలుగుతో భాగించండి.

డ్రైవ్ కార్డు మీద ఐఆర్ కాంపెన్సేషన్ పొట్ ఉంటుంది కదా, అది తిప్పితే చాలు అనేవాళ్లు ఉంటారు. అది చేసే పని వేరు. మీ ఆర్మేచర్ రెసిస్టెన్స్ 1.5 ఓమ్‌లు, కరెంటు 8 ఆంపియర్లు అనుకుంటే 12 వోల్టులు లోపలే పోతాయి. ఫుల్ స్పీడులో 220లో 12 అంటే పెద్ద లెక్క కాదు, కానీ 1500 ఆర్‌పీఎమ్ మోటారుని 500లో నడిపేటప్పుడు 70 చిల్లర వోల్టులే ఉంటాయి, అందులో 12 పోతే లోడు పడగానే మోటారు కుంగిపోతుంది. ఆ కుంగుబాటుకి మాత్రమే ఈ పొట్. ఎక్కువ తిప్పితే మోటారు ఊగడం మొదలుపెడుతుంది, అక్కడి నుంచి కొంచెం వెనక్కి తిప్పి వదిలేయాలి. ఫీల్డ్ వేడికి ఇది మందు కాదు.

మీకు నా ఓటు టాకోకే. షాఫ్ట్ తిరిగిన స్పీడునే కొలుస్తుంది కాబట్టి వేడి, లోడు, లైన్ వోల్టేజీ, మూడింటి తేడానూ డ్రైవే సర్దుకుంటుంది. ఎన్‌కోడర్ ఇంకా కచ్చితమే, కానీ మీ అనలాగ్ కార్డుకి పల్సులు తీసుకునే ఇన్‌పుట్ ఉండదు, మధ్యలో కన్వర్టర్ పెట్టాలి, తక్కువ స్పీడులో దాని తలనొప్పి వేరే. రేపు డిజిటల్ డ్రైవ్‌కి మారి, ఎక్స్‌ట్రూడర్‌నీ హాలాఫ్‌నీ ఒకే నిష్పత్తిలో కట్టేయాలనుకుంటే అప్పుడు ఎన్‌కోడర్ గురించి ఆలోచించండి.

టాకో కొనేటప్పుడు మీ మోటారు వెనక షాఫ్ట్ బయటికి ఉందో లేదో చూడండి, లేకపోతే లేత్ పని ఉంటుంది. 1000 ఆర్‌పీఎమ్‌కి 60 వోల్టుల రకమైతే 1500 దగ్గర 90 వస్తాయి, డ్రైవ్ టెర్మినల్ అంత తట్టుకోవాలి. షీల్డ్ వైరు వాడి, షీల్డ్‌ని డ్రైవ్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి, ఆర్మేచర్ కేబుల్ పక్కన పడుకోబెట్టకండి.

ఇక అసలు భయం టాకో వైరు తెగడం, కప్లింగ్ గ్రబ్ స్క్రూ వదులవడం. డ్రైవ్‌కి స్పీడు సున్నా అని కనిపిస్తుంది, ఇంకా కావాలి ఇంకా కావాలి అని ఫుల్ స్పీడుకి ఎత్తేస్తుంది. పోలారిటీ తిరగబడ్డా అంతే. అందుకని మొదట ఆర్మేచర్ ఫీడ్‌బ్యాక్ మీదే నెమ్మదిగా నడిపి, టాకో ప్లస్ ఎటొస్తుందో మల్టీమీటరుతో చూసి, కరెంటు లిమిట్ తగ్గించి ఆ తర్వాతే టాకో ఫీడ్‌బ్యాక్‌కి మార్చండి. టాకో ఫెయిల్ ట్రిప్ (టాకో సిగ్నల్ పోతే మోటారుని ఆపేసే ఏర్పాటు) లేని కార్డయితే బయట రిలే పెట్టించండి, దీంట్లో మొహమాటం వద్దు.

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి కాయలు మోసే కన్వేయర్ డీసీ మోటారుకి టాకో లేదు. పెట్టాలా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అక్కర్లేదు. కాయలు కాస్త ముందూ వెనకా వచ్చినా గుజ్జుకి తేడా రాదు, పైగా కడిగే నీళ్లలో టాకో బ్రష్‌లు పాడవుతాయి. కానీ నేమ్ ప్లేట్ మీద 1500/2000 అని రెండు స్పీడులు రాసి ఉండి, మీరు 1500 దాటి నడుపుతున్నారా? అయితే ఫీల్డ్ తగ్గించి నడుపుతున్నట్టు, అక్కడ ఆర్మేచర్ వోల్టేజీని నమ్మి లాభం లేదు, టాకో కావాల్సిందే.