గోల్డ్ సీల్ వెంట పడాలా?

ప్రశ్న: మావాడు అరిజోనాలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేస్తున్నాడు. ఎయిర్‌లైన్స్‌లోకి వెళ్లాలంటే విమానం నడిపిన గంటలు కావాలి కదా, అందుకని. ఈమధ్య ‘గోల్డ్ సీల్’ అనే గుర్తింపు తెచ్చుకోవాలని పట్టుబట్టి కూర్చున్నాడు, ఆదివారం కూడా ఫోన్ ఎత్తడం లేదు. మా తమ్ముడేమో గంటలు పూర్తయ్యాక ఆ కాగితం ఎవడు చూస్తాడు, వదిలెయ్యమను అంటున్నాడు. నిజంగా ఉపయోగం ఉందా? ఇండియా వచ్చేస్తే పనికొస్తుందా?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ తమ్ముడు గారి మాటలో సగం నిజం ఉందండీ. మిగతా సగం మీవాడు ఎన్నాళ్లు పాఠం చెబుతాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

ముందు అదేమిటో చూద్దాం. అమెరికా విమానయాన శాఖ, అంటే ఎఫ్ఏఏ, ఇన్‌స్ట్రక్టర్లకు ఇచ్చే మామూలు సర్టిఫికెట్ మీదే బంగారు రంగు ముద్ర వేసి ఇస్తుంది, అంతే. దీనికోసం మళ్లీ విమానం ఎక్కి పరీక్ష ఇవ్వక్కర్లేదు. గత 24 నెలల్లో కనీసం 10 మందికి తర్ఫీదిచ్చి చెక్‌రైడ్‌కి, అంటే లైసెన్స్ కోసం ఎగ్జామినర్ ముందు ఇచ్చే ప్రాక్టికల్ పరీక్షకి, పంపి ఉండాలి, వాళ్లలో నూటికి 80 మంది చొప్పున మొదటిసారే పాసై ఉండాలి. దాంతోపాటు అడ్వాన్స్‌డ్ లేదా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (అదనపు అర్హత) ఉన్న గ్రౌండ్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్, అంటే నేల మీద థియరీ పాఠాలు చెప్పే అర్హత, కావాలి. మీవాడు ఇప్పటికే ఇన్‌స్ట్రక్టర్ కాబట్టి బోధనా పద్ధతుల పేపర్ మినహాయింపు, ఒక్క రాతపరీక్ష రాస్తే సరిపోతుంది, ఫీజు 175 డాలర్ల దాకా ఉంటుంది. ఖర్చు అదొక్కటే, కాబట్టి డబ్బు గురించి టెన్షన్ పడకండి.

అసలు చిక్కు ఆ 80 శాతంతో. మన గుంటూరు, విజయవాడల్లో కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు చూసి పెరిగినవాళ్లం, ఈ లెక్క ఎలా తయారవుతుందో మనకి ఒకరు చెప్పాలా? చురుకైన పిల్లల్ని ఏరి ఒక సెక్షన్‌లో వేసి, మిగతావాళ్లని వెనక్కి నెడతారు. సీల్ మీదే దృష్టి పెట్టిన ఇన్‌స్ట్రక్టర్ కూడా, క్రాస్‌విండ్‌లో, అంటే పక్కనుంచి గాలి వీస్తుంటే, విమానం దించడానికి భయపడే స్టూడెంట్‌ని ఇంకొకరికి అంటగట్టొచ్చు, లేదా ‘ఇంకో నాలుగు గంటలు ఎగురుదాం’ అంటూ చెక్‌రైడ్ వాయిదా వేస్తూ పోవచ్చు. ఆ నాలుగు గంటల బిల్లు కట్టేది ఎవరో ఒకరి తండ్రి, మీలాంటివాడే. మీవాడు అలా చేస్తున్నాడని అనడం లేదు. కానీ ఆదివారం ఫోన్ ఎత్తనంత పట్టుదల ఎందుకో ఒకసారి అడగండి.

ఎయిర్‌లైన్ సంగతికొస్తే, అక్కడ ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, తీసుకునేటప్పుడు గంటలే ముందు చూస్తారు. మామూలుగా 1500, గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీ చేసినవాళ్లకి 1000 దాకా తగ్గుతుంది. అతను స్వయంగా ఇచ్చిన చెక్‌రైడ్‌లలో ఎన్నిట్లో తప్పాడన్నదీ అడుగుతారు. వీటి ముందు సీల్ చిన్న విషయం. ఇంటర్వ్యూలో ‘నేను పంపిన స్టూడెంట్లలో ఇంతమంది మొదటిసారే పాసయ్యారు’ అని చెప్పుకోవడానికి మాత్రం పనికొస్తుంది, కానీ ఆ మాట సీల్ లేకపోయినా లాగ్‌బుక్ చూపించి చెప్పొచ్చు.

బోధనలోనే ఉండిపోయి రేపు ఏదైనా స్కూల్లో చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ కావాలనో, సొంతంగా పాఠాలు చెప్పుకోవాలనో ఉంటే మాత్రం తీసుకోమనే చెబుతాను. అలాంటివాళ్లకి ఇన్‌స్ట్రక్టర్ల సంఘాలిచ్చే ‘మాస్టర్’ గుర్తింపు కూడా ఉంది, అది రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, దాని పని ఎక్కువ. ఏడాదిలో ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోయేవాడు ఆ ‘మాస్టర్’ జోలికి పోకపోవడమే మేలు.

ఒక విషయం అతనికి తప్పక చెప్పండి. ఇన్‌స్ట్రక్టర్ అర్హత నిలబెట్టుకోవడానికి ఉన్న దారుల్లో ఒకటి ఇదే లెక్క మీద నడుస్తుంది: 24 నెలల్లో ఐదుగురిని పంపి, 80 శాతం మొదటిసారే పాసవ్వాలి. కాబట్టి ఎవరిని ఎప్పుడు పంపాడో, ఫలితం ఏమిటో రాసిపెట్టుకోవడం ఎలాగూ అవసరమే. ఆ రికార్డు ఉండి, పదిమంది లెక్క దానంతట అదే పూర్తయితే దరఖాస్తు పెట్టుకోమనండి. దానికోసం ఏ స్టూడెంట్‌నీ వదులుకోవద్దనండి.

ఇక ఇండియా. ఇక్కడ డీజీసీఏ, అంటే మన విమానయాన నియంత్రణ సంస్థ, ప్రకారం బోధించాలంటే ముందు అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్, తర్వాత పూర్తి ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్. అమెరికా సీల్ ఉందని ఆ మెట్టు దాటనివ్వరు. దానికన్నా ముందు లైసెన్స్ మార్పిడికి రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియరాలజీ చదవాలి. తిరిగొచ్చే ఆలోచన నిజంగా ఉంటే ఆదివారాలు ఆ పుస్తకాలకి ఇవ్వమనండి.

ప్రశ్న: ఇంటర్ అయ్యాక పైలట్ కోర్సుకి అమెరికా వెళ్తున్నాను. గోల్డ్ సీల్ ఇన్‌స్ట్రక్టర్ ఉన్న స్కూలే ఎంచుకోవాలా?
– విద్యార్థిని, పటమట, విజయవాడ

జవాబు: ఉంటే మంచిదేనమ్మా, కానీ దాన్ని చూసి డబ్బు కట్టకు. బ్రోషర్‌లో ఉన్న గోల్డ్ సీల్ మనిషే నీతో ఎగురుతాడా, లేక గంటల కోసం చేరిన కొత్త కుర్రాడా అని ముందే మెయిల్లో అడుగు. ఆ ఇన్‌స్ట్రక్టర్ నీ కోర్సు మధ్యలో ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోతే ఏం చేస్తారు, ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉన్నాయి, చెక్‌రైడ్ డేట్ దొరకడానికి ఎన్ని వారాలు పడుతోంది, ఇవి కూడా అడుగు. జవాబు రాతపూర్వకంగా ఇవ్వకపోతే ఇంకో స్కూల్ చూసుకో.