శేషన్ కొత్త చట్టమేదీ తేలేదు, మా ప్రహరీ గోడే సాక్షి

"ఎన్నికల సంఘానికి కోరలు వచ్చింది 1990లో ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా వచ్చిన టి.ఎన్. శేషన్ వల్లేనా?" అని అడిగారు. కోరలు 1950 నుంచీ ఉన్నాయండీ. ఎన్నికల నిర్వహణ అధికారం సంఘానికిచ్చే రాజ్యాంగంలోని 324వ అధికరణం ఆయన పుట్టించింది కాదు. ఆయన కరిచి చూపించారు, అంతే.

మాది పశ్చిమ గోదావరి. ఇల్లు బస్టాండుకు ఎదురుగా. 1989 ఎన్నికలప్పుడు పొద్దున్నే లేచి చూస్తే ప్రహరీ మీద సగం సైకిలు, సగం హస్తం. అడిగిన నాథుడు లేడు. తాతయ్య ఇద్దర్నీ తిట్టి సున్నం కొట్టిస్తే వారం తిరక్కుండా మళ్లీ రాశారు.

1994 అసెంబ్లీ ఎన్నికలకు అవే పార్టీల కుర్రాళ్లు చెప్పులు వాకిట్లో విడిచి లోపలికొచ్చారు. "తాతగారూ, మీ గోడ మీద రాసుకుంటాం, ఇక్కడో సంతకం పెట్టండి." కార్బన్ పేపరు పెట్టి రాసిన రెండు కాపీలు. ఒకటి ఎమ్మార్వో గారికట. తాతయ్య కళ్లజోడు తుడుచుకుని, మొత్తం తీరిగ్గా చదివి, "పెట్టను" అన్నారు. కుర్రాళ్లు కిక్కురుమనకుండా వెళ్లిపోయారు! ఆ రోజంతా తాతయ్య అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకు ఇదే కథ. (ఇప్పుడు గోడలు శుభ్రమే. ఫ్లెక్సీలే కరెంటు స్తంభం నుంచి మా కిటికీ దాకా వచ్చాయి.)

గోడకు యజమాని అనుమతి కావాలన్న నియమం శేషన్ కన్నా పాతదే. అది ఉన్న ప్రవర్తనా నియమావళికి, అంటే ఎన్నికలప్పుడు పార్టీలు పాటించాల్సిన, 1960లో కేరళలో మొదలైన నియమాలకు, ఇవాళ్టికీ చట్టబలం లేదు. మరి పార్టీలవాళ్లు ఎందుకు భయపడ్డారు? 1993 ఆగస్టులో ఆయన దేశంలో ఎన్నికలన్నీ ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు కాబట్టి. జైలన్నా జంకని అభ్యర్థికి ఎన్నిక వాయిదా అంటే టెన్షన్. పెట్టిన ఖర్చంతా గంగపాలు కదా.

అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆయన పక్కన మరో ఇద్దరు కమిషనర్లను కూర్చోబెట్టింది. అందులో జి.వి.జి. కృష్ణమూర్తి మన తెలుగువారే. శేషన్ కోర్టుకెక్కారు. 1995లో సుప్రీంకోర్టు ప్రభుత్వం చేసింది సరైనదేనంది. సంఘం పట్టు సడలింది అక్కడేనంటాను, ఎవరేమనుకున్నా సరే.

అసలు నా బాధ వేరు. శేషన్‌కు ముందు ఆ కుర్చీలో ఉన్నది మా జిల్లా ఆడపడుచు వి.ఎస్. రమాదేవి గారు. దేశానికి తొలి మహిళా ప్రధాన ఎన్నికల కమిషనర్. 1990 నవంబరు 26న వచ్చి, డిసెంబరు రెండో వారానికల్లా దిగిపోయారు. ఆవిణ్ణి ఉంచి ఉంటే ఇదే పని అరుపులు లేకుండా జరిగేది. ఆధారం అడక్కండి. మా ఊళ్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు తప్ప ఆవిడ పేరే తెలీదు, వాళ్లకైనా ఒక మార్కు కోసం.