టీ ట్రాలీని తిరగేసి చూడు

చిరంజీవి రాధకి పెదనాన్న ఆశీస్సులు.

విజయనగరం కంటోన్మెంట్‌లో చూసిన ఆ పాత టేకు టీ ట్రాలీకి అప్పుడే బయానా ఇచ్చేయకమ్మా. దాని మెరుపు నీకు నచ్చింది, కానీ మెరుపు ఎప్పుడైనా తెప్పించుకోవచ్చు. ముందు దాన్ని తలకిందులు చేయించి చూడు.

చక్రాల దగ్గర మొదలుపెట్టు. చిన్న అయస్కాంతం పట్టుకెళ్లు. అంటుకుంటే అది ఇనుము మీద ఇత్తడి పూతే. ప్లస్ గాడి స్క్రూలు 1930ల్లో వచ్చాయి. అంతకన్నా పాతదని చెబుతున్న బండికి అవే ఉంటే ఎవరో విప్పి బిగించారన్నమాట. అలాగని వదులుకోనక్కర్లేదు, ధర తగ్గించమను. చక్రం ఊగుతుంటే తప్పు చాలావరకు చక్రానిది కాదు, కాలి చివర రంధ్రం అరిగి వెడల్పై ఉంటుంది. అందులో లావు స్క్రూ దింపితే కాలు నిలువునా చీలుతుంది. రంధ్రాన్ని శుభ్రం చేయించి, టేకు బిరడా ఫెవికాల్‌తో దిగగొట్టించి, 24 గంటలు ఆరాక కొత్తగా రంధ్రం వేయించు. కాలి చివర ఇత్తడి గొట్టం పోయి ఉంటే బుడితి ఇత్తడి పనివాళ్లని అడిగి చూడు.

కుసులు, అంటే ఒక చెక్క రంధ్రంలో దిగే ఇంకో చెక్క కొసలు, కదులుతుంటే మేకు మాత్రం కొట్టనివ్వకు. పాత పనిలో వజ్రం, అంటే పశువుల తోలూ ఎముకలూ ఉడికించి చేసే జిగురు, పెట్టేవారు. దాని మీద ఫెవికాల్ రాస్తే చెక్కలోకి ఇంకదు, తొందరగా ఊడుతుంది. వేడినీళ్ల గుడ్డతో వజ్రాన్ని మెత్తబరిచి గీకి, రెండు రోజులు ఆరనిచ్చాకే అతికించాలి.

టేకు చేవకి, అంటే నడిమి గట్టి చెక్కకి, పుప్పి పట్టడం అరుదు. పట్టేది అంచుల్లో ఉండే తెల్లచెక్కకి. బెజ్జాలుంటే కింద నల్ల కాగితం పరిచి వారం ఆగమను. పిండి రాలితే పురుగు బతికే ఉంది.

పాలిష్‌ని ఉప్పుకాగితంతో గీకించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఆ రంగు రావడానికి ఏళ్లు పట్టింది. అడుగువైపు స్పిరిట్ దూది ఆనించు, జిగురుగా అయితే అది లక్క పాలిష్. 100 గ్రాముల లక్క రేకుల్ని అరలీటరు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, గుడ్డ ఉండతో నాలుగైదు పలచటి పూతలు వేయించు. పూతకీ పూతకీ రెండు గంటలు ఆగాలి. మన శ్రీకాకుళం ముసురులో ఈ పని పెట్టుకోకు, తేమకి పాలిష్ తెల్లబారుతుంది. సంక్రాంతి దాటాక చేయించు. వేడి గ్లాసు కింద పళ్లెం తప్పనిసరి.

ఇంకొకటి, గడప మీదుగా తోయకండి. ఇద్దరు పట్టుకుని దాటించాలి, అదీ పిడి పట్టి కాదు, కింది చట్రం పట్టి ఎత్తాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న