ట్రౌట్ కావాలంటే ముందు చల్లటి నీళ్ళు వెతకండి

ఈమధ్య మా టీంలోకి ఒక కుర్రాడు చేరాడు, డెన్వర్‌లో జాబ్ మానేసి డాలస్ వచ్చాడు. అపార్ట్‌మెంట్ దొరికింది, పాపకి స్కూల్ కుదిరింది, అన్నీ బాగానే ఉన్నాయి కానీ మనిషి మాత్రం మొహం వేలాడేసుకుని తిరుగుతున్నాడు. ఏంటి బాబూ సంగతి అంటే "అన్నా, అక్కడ ప్రతి శనివారం సౌత్ ప్లాట్ నదికి వెళ్ళి ట్రౌట్ చేపలు పట్టేవాణ్ణి, ఇక్కడ చూస్తే 105 డిగ్రీల ఎండ, ఇక ఆ గాలం రాడ్లన్నీ అమ్మేసుకోవడమేనా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే కొన్నేళ్ళ కింద పెన్సిల్వేనియా నుంచి అట్లాంటా మారినప్పుడు నేనూ సరిగ్గా ఇదే ఏడుపు ఏడ్చాను. అతనికి చెప్పిందే ఇక్కడ అందరికీ పనికొస్తుందని రాస్తున్నా, జాబ్ మారి కొత్త ఊరొచ్చిన ప్రతి ఒక్కళ్ళూ చేసే తప్పు ఒకటే, చేపల కోసం వెతకడం. చేపల్ని వెతకొద్దండీ, చల్లటి నీళ్ళు వెతకండి, ట్రౌట్ అక్కడే ఉంటుంది.

ట్రౌట్‌కి 50 నుంచి 60 చిల్లర ఫారెన్‌హీట్ నీళ్ళు హాయి. 68 దాటిందా, దానికి ఊపిరాడదు, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది కదా, ఆ టైంలో పట్టి వదిలేసినా చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి జేబులో ఒక చిన్న థర్మామీటర్ పెట్టుకోండి, 68 చూపిస్తే ఆ రోజుకి సర్దేసుకుని ఇంటికెళ్ళిపోవడమే. ఈ ఒక్క నంబర్ పట్టుకుంటే ఏ రాష్ట్రంలో దిగినా మ్యాప్ చూసి మీరే వెతుక్కోవచ్చు. చల్లటి నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తాయి అంటే ఒకటి కొండల్లో ఎత్తు మీద నుంచి, రెండు భూమిలోంచి ఊట రూపంలో, మూడు పెద్ద డ్యామ్ అడుగు నుంచి. అంతే, నాలుగోది నాకైతే తెలీదు.

పెన్సిల్వేనియాలో మెకానిక్స్‌బర్గ్ దగ్గర ఉన్నప్పుడు నాకు రెండోది దొరికింది, బాయిలింగ్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో యెల్లో బ్రీచెస్ అనే వాగు. పేరు చూసి వేడి నీటి బుగ్గలనుకునేరు, అస్సలు కాదు, సున్నపురాయి పొరల్లోంచి నీళ్ళు బుడబుడలాడుతూ పైకొస్తాయి అంతే, చలికాలం ఎండాకాలం తేడా లేకుండా చల్లగా ఉంటాయి. అలాంటి చోట అలవాటు పడ్డవాణ్ణి అట్లాంటా పంపిస్తే ఏడవక ఏం చేస్తాను.

అట్లాంటాలో నన్ను కాపాడింది మూడోది. లోతైన సరస్సులో చల్లటి నీళ్ళు బరువు ఎక్కువ కాబట్టి కిందకి దిగిపోతాయి, పైన నీళ్ళు ఎండకి 80 దాటినా అడుగున 50 చుట్టుపక్కలే ఉంటాయి, కరెంటు తయారీ కోసం డ్యామ్ వాళ్ళు ఆ అడుగు నీళ్ళని కిందకి వదుల్తారు, దాంతో మండుటెండల్లో కూడా డ్యామ్ కింద నది ఫ్రిజ్‌లోంచి తీసినట్టు ఉంటుంది. దీన్నే ఇక్కడ టెయిల్‌వాటర్ అంటారు, ఈ మాట గుర్తుపెట్టుకోండి, మీ కొత్త ఊరి పేరు పక్కన ఈ మాట వేసి వెతికితే సగం పని అయిపోతుంది. కాకపోతే ప్రతి డ్యామూ పనికొస్తుందని కాదు. లోతు లేకుండా నీళ్ళు పైనుంచి పొర్లిపోయే చిన్న డ్యామ్ అయితే నదిని ఇంకా వేడెక్కిస్తుంది, దాని కింద ట్రౌట్ ఉండదు.

లేక్ లేనియర్‌కి కట్టిన బ్యుఫోర్డ్ డ్యామ్ కింద చట్టహూచీ నది అలాంటిదే. కమింగ్, సువానీ, జాన్స్ క్రీక్ వైపు మనవాళ్ళు వేలమంది ఉంటారు, ఇంటినుంచి అరగంటలో ట్రౌట్ నది ఉందని చాలామందికి తెలీనే తెలీదు. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. కరెంటు కోసం నీళ్ళు వదిలినప్పుడు నది నిమిషాల్లో పెరుగుతుంది, ముందు హారన్ మోగిస్తారు. మొదటి నెలలో నాకు హారన్ వినపడింది, ఇంకో రెండు సార్లు గాలం వేసి వెళ్దాంలే అని నిలబడ్డాను, మోకాలి కింద ఉన్న నీళ్ళు నడుము దాకా వచ్చేశాయి, ఒడ్డుకి ఎలా చేరానో ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు, గాలం సామాన్లు పెట్టుకునే నా టాకిల్ బాక్స్ మాత్రం అలా తేలుతూ వెళ్ళిపోయింది. తప్పు పూర్తిగా నాదే. డ్యామ్ కింద ఎక్కడ దిగినా సరే ఆ రోజు రిలీజ్ షెడ్యూల్ చూడకుండా కాలు పెట్టొద్దు, లైఫ్ జాకెట్ వేసుకోండి, పిల్లలతో అయితే అసలు లోపలికే దిగకండి, ఒడ్డు మీద నుంచే వేయించండి.

డాలస్ వాళ్ళ సంగతికి వస్తే, మూడు గంటలు ఉత్తరం పక్కకి డ్రైవ్ చేసి ఓక్లహోమాలో బ్రోకెన్ బౌ వెళ్ళండి, బీవర్స్ బెండ్ పార్కులో లోయర్ మౌంటెన్ ఫోర్క్ నది. పైన్ చెట్ల మధ్య రాళ్ళ మీద నీళ్ళు గలగలా పారుతుంటే మన కుర్రాడికి డెన్వర్ గుర్తొచ్చి తీరుతుంది. దక్షిణం పక్కకి అయితే కేన్యన్ లేక్ డ్యామ్ కింద గ్వాడలూప్ నది, ఆస్టిన్, శాన్ ఆంటోనియో వాళ్ళకి ఇదే దగ్గర, కానీ ఎండాకాలం మొత్తం ట్యూబుల మీద తేలేవాళ్ళ గోల, చలికాలంలోనే వెళ్ళాలి, ఒడ్డు చాలావరకు ప్రైవేటు కాబట్టి ఎక్కడ దిగొచ్చో ముందే కనుక్కోవాలి. అంత దూరం కుదరదు అంటే చలికాలంలో టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళు ఊళ్ళల్లో ఉండే చిన్న చెరువుల్లోకి రెయిన్‌బో ట్రౌట్ తెచ్చి వదుల్తారు, ఏ చెరువులో ఏ తారీఖున అనేది వాళ్ళ సైట్‌లోనే ఉంటుంది. ఆ చేపలు ఎండలు మొదలైతే ఎలాగూ బతకవు, లిమిట్ లోపల ఇంటికి తీసుకెళ్తే పాపమేం లేదు. పిల్లలకి మొదటి చేప పట్టించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, మీరు మాత్రం రెండు వారాల్లో విసుగెత్తిపోతారు.

లాంగ్ వీకెండ్ దొరికితే ఆర్కన్సా వెళ్ళండి, ఇది నా సొంత పక్షపాతం, ఒప్పుకుంటున్నా. బుల్ షోల్స్ డ్యామ్ కింద వైట్ రివర్, గ్రీర్స్ ఫెర్రీ డ్యామ్ కింద లిటిల్ రెడ్ రివర్. బెంటన్‌విల్‌లో పనిచేసేవాళ్ళకైతే బీవర్ డ్యామ్ కింద వైట్ రివర్ పెరట్లో ఉన్నట్టే, వాళ్ళని చూస్తే కుళ్ళుగా ఉంటుంది నాకు. ఆ గ్రీర్స్ ఫెర్రీ డ్యామ్‌ని ప్రారంభించింది కెన్నెడీ, 1963 అక్టోబర్‌లో, ఆ తర్వాత ఏడు వారాలకే ఇక్కడ మన డాలస్‌లో ఆయన్ని కాల్చేశారు. అదే డ్యామ్ కింద 1992లో ఒకాయన 40 పౌండ్ల 4 ఔన్సుల బ్రౌన్ ట్రౌట్ పట్టాడు, చాలా ఏళ్ళు అదే ప్రపంచ రికార్డు. అసలు ఆ బ్రౌన్ ట్రౌట్ ఈ దేశంది కాదండోయ్, 1883లో జర్మనీ నుంచి గుడ్లుగా ఓడలో వచ్చింది, మనలాగే వచ్చి సెటిలైపోయింది.

మిగతా ఊళ్ళ వాళ్ళకి గబగబా చెప్పేస్తా. న్యూజెర్సీ వాళ్ళకి సౌత్ బ్రాంచ్ రారిటన్ నది మీద కెన్ లాక్‌వుడ్ గార్జ్, బాల్టిమోర్ వైపు వాళ్ళకి ప్రెట్టీబాయ్ డ్యామ్ కింద గన్‌పౌడర్ ఫాల్స్, బే ఏరియా వాళ్ళకి బెరియెస్సా లేక్ కింద ప్యూటా క్రీక్, సియాటిల్ వాళ్ళకి కొండలు దాటి అవతల ఎలెన్స్‌బర్గ్ దగ్గర యాకిమా నది. ఒకటి మాత్రం చూసుకోండి, యాకిమాలో ఎండాకాలం పొలాలకి నీళ్ళు వదుల్తారు కాబట్టి నది నిండా పారుతుంటుంది, సెప్టెంబర్‌లో తగ్గాక నడిచి దిగడానికి బాగుంటుంది. కొలరాడో వెళ్ళేవాళ్ళు మే, జూన్‌లో మంచు కరిగి నదులన్నీ బురదగా పొంగుతుంటే నిరాశపడకండి, అప్పుడు కూడా డ్యాముల కిందే గతి. నీళ్ళు ఎంత పారుతున్నాయో యూఎస్‌జీఎస్ అనే ప్రభుత్వ సర్వే సంస్థ సైట్‌లో ఫ్రీగా కనిపిస్తుంది, సెకనుకి ఎన్ని ఘనపుటడుగులు అనేది చూపిస్తారు, కొన్ని చోట్ల నీటి వేడి కూడా. నెల రోజులు మీ నది గ్రాఫ్ చూస్తూ ఉంటే ఏ నంబర్‌కి వెళ్ళాలో ఏ నంబర్‌కి ఇంట్లో పడుకోవాలో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు లైసెన్స్ గొడవ, మనవాళ్ళు ఎక్కువ తడబడేది ఇక్కడే. వీసా ఏదైనా లైసెన్స్ తీసుకోవచ్చు, హెచ్‌1బీ అయినా ఇంకోటైనా, అసలు ప్రశ్న మీరు ఆ రాష్ట్రంలో ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు అనేది. టెక్సాస్, కొలరాడోల్లో ఆర్నెల్లు ఉండాలి, వాషింగ్టన్‌లో 90 రోజులు. కొత్తగా దిగినవాళ్ళు అద్దె కాగితం ఉంది కదా అని రెసిడెంట్ లైసెన్స్ కొట్టేస్తారు, అది అబద్ధం చెప్పినట్టే. కాస్త ఎక్కువ పోయినా సరే నాన్ రెసిడెంట్ లైసెన్స్, వారానిదో రోజుదో తీసుకోండి, వీసా మీద ఉన్నప్పుడు చేప కోసం ఒక సైటేషన్, అంటే జరిమానా నోటీసు, నెత్తిన పెట్టుకోవడం దేనికి చెప్పండి. పైగా ఒక రాష్ట్రంలో లైసెన్స్ సస్పెండ్ చేస్తే దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లేలా వాళ్ళ మధ్య ఒప్పందం ఉంది. అప్లికేషన్‌లో సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతారు, 1996 నాటి ఫెడరల్ చట్టం వల్ల అది, చేపలకీ దానికీ సంబంధం లేదు. హెచ్‌4 మీద ఉండి నంబర్ లేని ఆడవాళ్ళు ఆన్‌లైన్‌లో ఆగిపోయి వదిలేస్తుంటారు, ఆ రాష్ట్రం వైల్డ్‌లైఫ్ ఆఫీసుకి ఫోన్ చేసి నంబర్ లేకపోతే ఏం చెయ్యాలో అడగండి. చాలా చోట్ల మామూలు లైసెన్స్ మీద ట్రౌట్ స్టాంపో పర్మిట్టో విడిగా కొనాలి, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఆర్కన్సా మూడింట్లోనూ అంతే. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఒడ్డున కూర్చుని చూస్తే పర్లేదు, ఒక్క నిమిషం పట్టుకో నాన్నా అని రాడ్ చేతికిచ్చారంటే ఆయన కూడా చేపలు పడుతున్నట్టే లెక్క, మిలాఖత్ అయ్యేది లైసెన్స్‌లు చెక్ చేసే వార్డెన్‌తో.

ఒడ్డు ఎవరిది అనే లెక్క కూడా రాష్ట్రానికొకటి. మాంటానాలో పబ్లిక్ బ్రిడ్జి దగ్గర దిగి నీటి హద్దు లోపల నడుచుకుంటూ ఎంతైనా వెళ్ళొచ్చు, కొలరాడోలో ప్రైవేటు భూమి గుండా పారే నది అడుగు కూడా భూమి వాళ్ళదే, కాలు పెడితే ట్రెస్‌పాసే. టెక్సాస్, ఆర్కన్సా, పెన్సిల్వేనియా లాంటి చోట్ల చెట్టు మీద ఊదారంగు గీత కనపడితే బోర్డు లేకపోయినా లోపలికి రావద్దనే అర్థం, ఇది తెలీక నేను ఒకసారి అక్కడే కూర్చుని లంచ్ చేశాను.

సామాన్ల మీద మొదట్లో పిచ్చిగా ఖర్చుపెట్టకండి. ఆరడుగుల లైట్ స్పిన్నింగ్ రాడ్, నాలుగు పౌండ్ల బరువు ఆపే లైన్ (దారం), రెండు మూడు చిన్న స్పిన్నర్లు (నీళ్ళలో గిరగిరా తిరిగే లోహపు ఎరలు), పోలరైజ్డ్ కళ్ళద్దాలు, చాలు. ఫ్లై ఫిషింగ్, అంటే పురుగులా కనిపించే తేలికపాటి ఎరలతో పట్టడం, దాని మీద మనసు పడితే తొమ్మిదడుగుల ఫైవ్ వెయిట్ రాడ్ తర్వాత కొనుక్కోవచ్చు. నీళ్ళు చూడటం నేర్చుకోవడమే అసలు పని, పెద్ద రాయి వెనక నిలకడగా ఉన్నచోటు, వడిగా పారే పాయకీ నెమ్మది పాయకీ మధ్య గీత, గులకరాళ్ళ మీద పారి మడుగులోకి దిగే అంచు, చేప అక్కడ కష్టపడకుండా కూర్చుని కొట్టుకొచ్చే తిండి కోసం ఎదురుచూస్తుంటుంది. ఎప్పుడూ కింది నుంచి పైకి నడవండి, ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి ఉంటుంది కాబట్టి వెనక నుంచి వస్తే చూడదు. ఎర వెయ్యొచ్చా, ముల్లున్న గాలం వాడొచ్చా అనేది ఒకే నదిలో మైలు మైలుకీ మారుతుంది, బోర్డు చదవకుండా మొదలుపెట్టకండి.

మనుషుల విషయానికొస్తే ఫ్లై షాపులోకి వెళ్ళి నాలుగు ఫ్లైలు కొని ఈ వారం ఎలా ఉందండీ అని అడగండి, యాప్‌లు చెప్పనివి వాళ్ళు చెప్తారు, ఏమీ కొనకుండా అడిగితే మాత్రం పెదవి విరుస్తారు. అలాగే ట్రౌట్ అన్‌లిమిటెడ్ అని 1959లో మిచిగన్‌లో మొదలైన సంస్థ ఉంది, చాలా ఊళ్ళల్లో చాప్టర్లున్నాయి, నది శుభ్రం చేసే రోజు ఒకసారి వెళ్ళండి. చెత్త ఏరుతూ ముసలాళ్ళతో మాటలు కలిపితే ఎక్కడ పార్క్ చెయ్యాలో ఏ మడుగులో పెద్దది ఉందో వాళ్ళంతట వాళ్ళే చెప్పేస్తారు, నాకు అట్లాంటాలో మొదటి స్నేహితులు అక్కడే దొరికారు, మన భాష ఒక్కడికీ రాదు, అయినా ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం.

మన డెన్వర్ కుర్రాడు పోయిన శనివారం బ్రోకెన్ బౌ వెళ్ళొచ్చాడు. చేప పడలేదంట, రెండు స్పిన్నర్లు చెట్టుకి తగిలించొచ్చాడంట, వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నా మీరూ రండన్నా అన్నాడు. లైసెన్స్ మాత్రం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో అని చెప్పా, ఆ లోయలో సిగ్నల్ సరిగ్గా రాదు.