చుట్ట మానేసినా ఆయాసం తగ్గలేదా? ముందు ఆ తెల్ల మాత్ర సంగతి తేల్చండి

ప్రశ్న: మా నాన్నకు 63 ఏళ్లు. నలభై ఏళ్లు చుట్టలు కాల్చారు, కొన్నాళ్లు జీడిపిక్కలు వేయించే చోట పనిచేశారు. చుట్ట మానేసి రెండేళ్లయినా దగ్గు, ఆయాసం తగ్గలేదు, ఈమధ్య కాస్త చిక్కారు కూడా. రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 82 శాతం అని వచ్చింది. తెల్ల రక్తకణాలే ఊపిరితిత్తులను పాడుచేస్తాయని నెట్‌లో చదివాను, నిజమేనా? ఇమ్యూనిటీ పెరగడానికి ఏం వాడాలి? ఆయాసం ఎక్కువైతే మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే చిన్న తెల్ల మాత్ర వేసుకుంటారు, ఒక్కరోజులో తేలికపడుతుంది. – పలాస నుంచి ఒక పాఠకుడు

డాక్టర్ సలహా: ప్రశ్నంతా కణాల గురించి రాసి, అసలు విషయం చివర్లో పడేశారు. ఒక్కరోజులో ఆయాసం దింపేసే చిన్న మాత్ర అంటే చాలాసార్లు స్టెరాయిడే అయి ఉంటుంది. చూడకుండా కచ్చితంగా చెప్పలేను. స్ట్రిప్ ఉంటే పేరు చూడండి, కాగితంలో పొట్లం కట్టి ఇస్తుంటే ఆ పొట్లమే డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి. నెలకు ఎన్నిసార్లు వేసుకుంటున్నారో, ఎన్నాళ్లుగానో నాన్నగారినే అడగండి. మీకు తెలిసిన దానికంటే ఎక్కువే ఉంటాయి, నా దగ్గరకొచ్చే వాళ్లలో దాదాపు అందరిదీ ఇదే కథ.

ఇక మీరు చదివింది చాలావరకు నిజమే. పొగలోని మసిని ఊపిరితిత్తుల గాలి గదుల్లో ఉండే మాక్రోఫేజ్‌లు అనే కాపలా కణాలు మింగుతాయి, మింగి ఊరుకోకుండా రసాయన సంకేతాలు పంపి న్యూట్రోఫిల్స్‌ని పిలుస్తాయి. అవి క్రిముల కోసం దాచుకున్న ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ని అక్కడ వదులుతాయి. దాన్ని అదుపు చేయడానికి కాలేయం ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ తయారుచేసి పంపుతుంది, పొగ దాన్నీ దెబ్బతీస్తుంది, దాంతో గాలి గదుల గోడలు కరిగిపోతాయి. సీడీ8 టీ కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలూ చేరతాయి. చుట్ట ఆపినా ఈ మంట కొన్నేళ్లపాటు పూర్తిగా చల్లారకపోవచ్చు, పోయిన గోడలు తిరిగి రావు. అలాగని మానేసి లాభం లేదనుకోకండి, ఊపిరితిత్తుల శక్తి తరిగే వేగం తగ్గేది మానేయడం వల్లే.

మరి ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలా? డబ్బు దండగ. ఇక్కడ రక్షణ కణాలకు కొరత లేదు, ఉన్నవి దారి తప్పాయి. పైగా మసి మింగిన మాక్రోఫేజ్‌లు అసలు క్రిములను సరిగా పట్టుకోలేవు, అందుకే వీళ్లకు చలి, వాన వస్తే చాలు కఫం పట్టేస్తుంది. ఫ్లూ, న్యుమోకోకల్ టీకాల గురించి అడగండి, వాటికి పెట్టే ఖర్చుకు అర్థముంది.

ఆ 82 శాతం చూసి ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో చెప్పలేం. ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, స్టెరాయిడ్ మాత్ర వేసుకున్నా రక్తంలో న్యూట్రోఫిల్స్ పెరిగి కనబడతాయి, ఇసినోఫిల్స్ అనే మరో రకం తెల్ల కణాలు పడిపోతాయి. సీఓపీడీలో, అంటే పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయాసం వచ్చే జబ్బులో, పీల్చే స్టెరాయిడ్ ఎవరికి పనిచేస్తుందో అంచనా వేయడానికి మేం చూసేది ఆ ఇసినోఫిల్సే, మైక్రోలీటర్‌కు 300 దాటితే లాభం ఎక్కువ. అంటే ఆ మాత్ర మాకు దారి చూపే రిపోర్టునే తారుమారు చేస్తోంది. షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం, కంట్లో శుక్లాలు ఎలాగూ ఉన్నాయి. ఆయాసం బాగా ముదిరినప్పుడు మేమూ ఐదారు రోజులు స్టెరాయిడ్ ఇస్తాం, లెక్క చూసుకుని ఇస్తాం, ఆపేస్తాం. ఇది చదివి రేపే టక్కున మాన్పించకండి, చాలాకాలం రోజూ వాడినవారు ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. డాక్టర్ చెప్పినట్టే తగ్గించాలి.

నాకు అంతకంటే భయం చిక్కడం గురించి. స్టెరాయిడ్ వాడేవారు బరువు పెరుగుతారు, మరి ఈయన తగ్గుతున్నారు. టీబీ కావచ్చు, పొగ తాగిన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ గడ్డ కావచ్చు, సీఓపీడీ ముదిరినా, షుగర్ వచ్చినా చిక్కుతారు. టీబీ ఉంటే స్టెరాయిడ్ దాన్ని కప్పిపెట్టి ఇంకా పెంచుతుంది. కాబట్టి ఈ వారంలోనే ఎక్స్‌రే, కఫం పరీక్ష (ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే), షుగర్ చేయించండి. అవసరమైతే సీటీ స్కాన్ అంటారు. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోండి, కిడ్నీలను దెబ్బతీసే ఒళ్లు నొప్పుల బిళ్లలూ ఆ పొట్లంలోనే కలిసి వస్తుంటాయి. సీఓపీడీ అవునా కాదా తేల్చేది గొట్టంలో ఊదించే స్పైరోమెట్రీ. శ్రీకాకుళంలో ఛాతీ వైద్యుల దగ్గర చేయించుకోవచ్చు. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని మానేయకండి, పీల్చే పద్ధతి నాన్నగారిని డాక్టర్ ముందే ఒకసారి చేసి చూపించమనండి.

మాట మధ్యలో ఊపిరి తెగిపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, మత్తుగా పడుకుంటున్నా, కఫంలో నెత్తురు కనబడినా ఆర్‌ఎంపీ దగ్గరికి కాదు, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీరు అడగలేదు గానీ, మన వైపు కాబట్టి అడుగుతున్నా: ఇంట్లో అమ్మగానీ నాయనమ్మగానీ అడ్డపొగ కాలుస్తారా? నిప్పు వైపు నోట్లో పెట్టుకునే ఆ చుట్టకు అంగిట్లో క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. నాన్నగారిని తీసుకొచ్చిన రోజే వాళ్లకూ టార్చి వేసి అంగిలి చూపించండి, రెండు నిమిషాల పని.